దీపాలార్పిన శుక్రవారం

వర్గో బౌలింగ్ హాలు, ఆక్రన్
ఏప్రిల్ 14, 1997

ప్రియమైన ఎమ్మెట్ గారికి,

మీరూ ఓపల్ గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. శుక్రవారం కౌంటర్ దగ్గర చీటీ మీద గీకి ఇచ్చే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ ఇంట్లో ఉన్న టైపు ఫోనుకి కబురు చెప్పొచ్చని మా కోడలు అంటుంది గానీ, నా మాటలు మధ్యలో ఎవరో ఆపరేటరమ్మ విని మీకు టైపు కొట్టిపెట్టడం నాకు సుతరామూ నచ్చదు.

సోమవారం సోమవారం జట్లు కట్టి ఆడే లీగ్ వాళ్ళు మానేశారు. ముప్ఫై ఏళ్ళ లీగ్. "ఏడాదిలో ముప్ఫై మూడు సోమవారాలు రాసిచ్చెయ్యాలంటే ఎవడి వల్లవుద్ది డలోరెస్? పిల్లల ఆటలున్నాయి, మా ఆవిడ డ్యూటీ ఉంది" అన్నాడు వాళ్ళ కెప్టెన్, అద్దె బూట్లు తిరిగిచ్చినంత తేలిగ్గా. టైర్ల ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో వాడి తండ్రి షిఫ్టు దిగి, ఒంటికి అంటిన మసితోనే పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు బంతి దొర్లించే నా పదహారు లేన్లూ వారంలో నాలుగు రోజులు ఈగలు తోలుకుంటున్నాయి.

శనివారం మాత్రం నిలబడ్డానికి చోటుండదు. లైట్లన్నీ ఆర్పేసి, ఊదారంగు దీపాలు వేసి, పాటలు హోరెత్తిస్తాం. పిన్నులు పడిన చప్పుడు కూడా వినబడదు. కుర్రకారు దానికే ఎగబడుతున్నారు. శుక్రవారం కూడా ఇదే పెట్టకపోతే వచ్చే ఏడాదికి ఈ హాలు ఉండదు. వీధి మలుపులో ఉన్న స్థలం కదా, మందుల దుకాణం వాళ్ళు అప్పుడే రెండుసార్లు వచ్చి కొలతలు తీసుకుపోయారు.

మీరు కంగారు పడకండి. మీ బధిరుల లీగ్‌ని శుక్రవారం నుంచి కదిలించను. ఇంకే లీగ్ అయినా ఆ హోరుకే పారిపోతుంది, మీకు హోరుతో పేచీ లేదు కదా. ఎనిమిది లేన్లు మీవి, ఎనిమిది కుర్రాళ్ళవి. ఈ ఆలోచన తట్టినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను. కార్యదర్శిగా మీ ఆరు జట్ల పేర్లూ మే నెలాఖరులోగా పంపండి.

మీ
డలోరెస్ వర్గో


ఏప్రిల్ 19, 1997

ప్రియమైన డలోరెస్,

నీ ఉత్తరం ఓపల్‌కి చూపించాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. తర్వాత ఆవిడ నవ్వడం మానేసి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ ఉండిపోయింది.

మా చెవుల గురించి ఆలోచించావు, సంతోషం. అవి పుట్టినప్పటి నుంచీ సెలవులోనే ఉన్నాయి కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ లేదు. మా నోటి గురించి ఆలోచించలేదు నువ్వు. మా నోరు మా చేతుల్లో ఉంది. దాన్ని వినేది కళ్ళు. లైట్లార్పావంటే దాదాపు నలభై మంది నోళ్ళలో ఒకేసారి గుడ్డలు కుక్కినట్టు.

ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నావు కదా, మేం గంటన్నర ఆడి మూడు గంటలు మాట్లాడుకుంటాం. మా సంఘం భవనం అమ్మేశాక మాకు మిగిలింది నీ హాలే. యంగ్స్‌టౌన్ నుంచి, మాన్స్‌ఫీల్డ్ నుంచి కార్లేసుకుని వస్తారు. వారమంతా పనిలోనూ ఇంట్లోనూ ఒక్క మనిషీ వాళ్ళతో నిండుగా ఒక మాట మాట్లాడడు. ఆ దాచుకున్న మాటలన్నీ ఇక్కడికొచ్చి దింపుకుంటారు. మా హార్లన్ అంతకాలంగా బంతిని పిన్నులకి తగలకుండా లేన్ పక్క కాలవలోకే దొర్లిస్తున్నాడు, అయినా ఒక్క వారం మానలేదు. వాడు ఆటకోసం వస్తున్నాడనుకున్నావా?

వేరే రోజు చూసుకోమంటావేమో. మర్నాడు పనికి పోనక్కర్లేని రాత్రులు రెండే. శనివారం నువ్వే చీకటి చేశావు. ఇక మిగిలింది శుక్రవారం.

బార్బర్టన్‌లో కొత్తగా కట్టిన పెద్ద హాలు వాళ్ళు మమ్మల్ని రమ్మంటున్నారు. శుక్రవారమే, లైట్లతోనే. కాకపోతే తొమ్మిదిన్నరకల్లా అందరూ గుమ్మం దాటాలట. ఏం చేయాలన్నది మే 18న మా సమావేశంలో ఓటుకి పెడతాను. నీ ఉత్తరం అక్కడ చదివితే నీ పరువు పోతుంది, అందుకని ఓపల్‌కి తప్ప ఇంకెవరికీ చూపించలేదు. ఈలోగా మరో మాట ఆలోచించి రాయి.

కోపం లేని
ఎమ్మెట్ క్రిస్లిప్


ఏప్రిల్ 30, 1997

ప్రియమైన ఎమ్మెట్ గారికి,

మీకు మొహం చూపించలేక పోయిన శుక్రవారం కౌంటర్ కోడలికి వదిలేసి వంటింట్లో దాక్కున్నాను. మీకు క్యాబేజీ ఉండలు వేయించి పంపింది నేనే, ఎక్కువ పంపానని మీరు గమనించే ఉంటారు.

ఇన్నేళ్ళు మీ ఎదురుగా నించుని కూడా ఇంత చిన్న విషయం నా బుర్రకెందుకు తట్టలేదో తెలియదు. నిన్న మధ్యాహ్నం హాలు ఎలాగూ ఖాళీయే కాబట్టి లైట్లన్నీ ఆర్పించాను. పిన్నుల యంత్రాలు బాగుచేసే మా స్టీవ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, "నోరు విప్పితే ఊరుకోను, నేనేం అడుగుతానో చూసి తీసుకురా" అన్నాను. చేతులతో మంచినీళ్ళడిగాను. వాడు నిచ్చెన తెచ్చాడు.

కానీ ఒకటి కనిపెట్టాం. ఆ ఊదా దీపాల కింద స్టీవ్ మనిషి కనబడలేదు గానీ, వాడి తెల్ల బనీను నిగనిగా వెలిగిపోయింది. తెల్లదేదైనా వెలుగుతుందట. అంటే మీరంతా తెల్ల చేతితొడుగులు వేసుకుంటే సరిపోదా? శనివారం మధ్యాహ్నం మూడింటికి మీరూ ఓపల్ గారూ వచ్చి పరీక్షించండి. పాటలు కూడా పెట్టి చూద్దాం.

సిగ్గుపడుతూ
డలోరెస్


మే 5, 1997

ప్రియమైన డలోరెస్,

శనివారం నువ్వు కౌంటర్ వెనక నించుని ఒకటే చప్పట్లు కొట్టావు. ఓపల్ కోటు కూడా వేసుకోకుండా కారు దగ్గరికి ఎందుకు పరిగెత్తిందో మాత్రం నీకు తెలియదు. అది చెప్పడానికే రాస్తున్నాను.

తొడుగుల మాట నిజమే. ఓపల్ పదహారో లేన్ దగ్గర, నేను ఒకటో లేన్ దగ్గర. మధ్యలో కాటుక చీకటి. అంత దూరంలో ఆవిడ చేతులు రెండూ గాల్లో వెలుగుతూ "పొయ్యి ఆర్పే వచ్చారా?" అని అడిగాయి. "లేదు, ఈపాటికి ఇల్లు అంటుకుని ఉంటుంది" అన్నాను నేను, ఎప్పటిలాగే మూతి వంకర పెట్టి. ఆ మూతి ఆవిడకి కనబడలేదు. అదే వచ్చిన చిక్కు. మా మాటలో సగం మొహం మీదే ఉంటుంది. మెచ్చుకోలా వెటకారమా, ప్రశ్నా జవాబా, అన్నీ కనుబొమలు చెప్పాలి. ఇల్లు భద్రంగానే ఉంది గానీ ఆదివారం భోజనం దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. పైగా తొడుగులతో బంతి పట్టు చిక్కదు. మాటకోసారి తొడిగి ఆటకోసారి విప్పాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

కాబట్టి ఇది కుదరదు, డలోరెస్. కార్యదర్శిగా బార్బర్టన్ వెళ్దామనే చెప్పబోతున్నాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నువ్వు పాట పెట్టినప్పుడు అది నేలలోంచి బూట్లలోకి, మోకాళ్ళలోకి ఎక్కింది. ఫ్యాక్టరీలో టైర్లు అచ్చుపోసే యంత్రాల పక్కన నించున్న రోజుల తర్వాత ఒంట్లో అంత దరువు నేనెప్పుడూ ఎరగను. ఓపల్ బూట్లు కూడా విప్పేసి నించుంది. ఆ పొయ్యి గొడవ రాకపోతే ఇంకో గంట కదిలేది కాదు.

నీ
ఎమ్మెట్


మే 12, 1997

ప్రియమైన ఎమ్మెట్ గారికి,

మా ఎదురు సందులో సారాకొట్టు మూసేశారు కదా, అక్కడ బిలియర్డ్స్ బల్లల మీద వేలాడే దీపాలుండేవి. ఆకుపచ్చ గొడుగులవి. స్టీవ్ వెళ్ళి ఎనిమిదీ పట్టుకొచ్చాడు. మీ ఎనిమిది లేన్ల వెనక, మీరు కూర్చునే బల్లల మీదికి బాగా కిందికి దించి కట్టాడు. వెలుతురంతా బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళ మొహాల మీదే పడుతుంది. అడుగు దాటితే చీకటి.

ఊదా దీపాలమ్మిన పెద్దమనిషి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "చుక్క వెలుతురు పడినా కుర్రాళ్ళు రారమ్మా, మీ కొంప మీరే ముంచుకుంటున్నారు" అన్నాడు. ముంచుకుంటే ముంచుకున్నాను, కొంప నాదే కదా అన్నాను. ఆ దీపం కింద కూర్చుని అద్దంలో చూసుకున్నాను. నా ముడతలు ఒక్కటి కూడా దాగలేదు.

ఇంతకంటే నా దగ్గర ఇంకేం లేదు. ఓటు మీది. మీరు వెళ్ళిపోతే నాకు బాధ కలుగుతుంది, అది వ్యాపారం మాట కాదు.

మీ
డలోరెస్


మే 19, 1997

ప్రియమైన డలోరెస్,

నిన్న రెండున్నర గంటలు వాదించుకున్నాం. నీ దీపాలు చూడ్డానికి వారం మధ్యలోనే ఇరవై మంది వచ్చి వెళ్ళారట, నాకు చెప్పకుండా. వెంట తీసుకొచ్చింది ఓపల్.

నేను బార్బర్టన్ వైపే చెయ్యెత్తాను. ఈ మాట నీకు నేనే చెప్పాలి. డెబ్భై ఒకటో ఏట నాకు చీకట్లో ఆడే ఈ కొత్త పద్ధతంటే భయం. కానీ ఇరవై ఒక్క మంది ఉండిపోదామన్నారు, పద్దెనిమిది మంది వెళ్దామన్నారు. వయసులో ఉన్నవాళ్ళందరికీ ఆ నేల దరువు కావాలట. ముప్ఫై మూడు వారాలు మాత్రం వాళ్ళూ ఒప్పుకోలేదు. ముందు క్రిస్మస్ దాకా పద్నాలుగు వారాలు, నచ్చితేనే ఆ పైన. 1949 నుంచి నడుస్తున్న సీజన్ని నా చేత్తో నేనే కుదించి రాశాను.

హార్లన్ జట్టు బార్బర్టన్ వెళ్ళిపోతోంది. మిగిలిన ఐదు జట్ల పేర్లు దీనితో జతచేశాను.

ఎమ్మెట్


అక్టోబరు 27, 1997

ప్రియమైన ఎమ్మెట్ గారికి,

మీరు మీ బల్ల దగ్గర వెలుతురులో కూర్చుంటారు కాబట్టి చీకట్లో మా వైపు ఏం జరుగుతోందో మీకు తెలియదు. చెప్తాను వినండి.

మొదటి రెండు వారాలూ కుర్రాళ్ళు మీ దీపాలు చూసి మొహం చిట్లించారు. ఇద్దరు ముగ్గురు డబ్బు వెనక్కిమ్మన్నారు కూడా. నాకు నిద్రపట్టలేదు. మూడో వారం డార్సీ అని నర్సింగ్ చదివే అమ్మాయి కౌంటర్ దగ్గరికొచ్చింది. అరిచి అరిచి గొంతు పోయింది దానికి. నా చెవిలో నోరు పెట్టి అడిగింది: "వాళ్ళేం మాట్లాడుకుంటున్నారండీ, అంతలా పడీ పడీ నవ్వుతున్నారు? మేం నలుగురం ఒళ్ళో ఒళ్ళో కూర్చుని కూడా ఒక్క మాట చెప్పుకోలేకపోతున్నాం. వాళ్ళేమో ఈ చివర్నుంచి ఆ చివరికి కబుర్లాడేసుకుంటున్నారు."

అప్పుడు తలెత్తి హాలంతా చూశాను. అది నిజం. కుర్రాళ్ళందరూ మెడ నరాలు తేలేలా అరుస్తూ, "ఏంటీ, ఏంటీ" అనుకుంటున్నారు. మీ బల్లల దగ్గర మాత్రం ఎనిమిది సంభాషణలు హాయిగా సాగుతున్నాయి. ఏడింటికి పాటలు పెట్టాక ఈ హాల్లో చెవిటివాళ్ళం మేమే.

ఆ తర్వాత సంగతి మీకు కొంత తెలుసు. డార్సీ బృందం ప్రతి వారం ఓపల్ గారి బల్ల దగ్గర చేరి చేతులు తిప్పడం నేర్చుకుంటున్నారు. తెలియనిది ఇది. మొన్న శుక్రవారం వాళ్ళు, వాళ్ళతోపాటు గిడ్డంగిలో పనిచేసే ఐదుగురు కుర్రాళ్ళు, విడివిడిగా వచ్చి ఒకటే అడిగారు: జనవరి నుంచి మీ లీగ్‌లో జట్లు కట్టొచ్చా అని. లీగ్‌లో చేర్చుకోండని నన్ను అడిగిన మనిషిని చూసి పదకొండేళ్ళయింది, ఎమ్మెట్ గారూ. ఎక్కడ సంతకం పెట్టించాలో ఆ కాగితాలు వెతకడానికే అరగంట పట్టింది.

అయితే చేర్చుకునే అధికారం నాది కాదు. పాపం వాళ్ళకి చెవులు వినబడతాయి. మీ నియమాల్లో దానికేమైనా అడ్డుందా?

మీ
డలోరెస్


డిసెంబరు 20, 1997

ప్రియమైన డలోరెస్,

ఇది నీకు రాసే ఆఖరి ఉత్తరం.

ముందు కార్యదర్శి మాట. అడ్డుంది. "సభ్యులు బధిరులై ఉండవలెను" అని మా రెండో నియమం. దాని మీద చర్చ జరుగుతుందనుకుని ఓపల్ కాఫీ కూడా కాచి తెచ్చింది. కాఫీ చల్లారకముందే అయిపోయింది. శుక్రవారం ఏడు దాటాక వర్గో హాల్లో ఎవరికీ ఏమీ వినబడదు గనుక అక్కడున్న వారందరూ అర్హులే అని ఏకగ్రీవంగా రాసుకున్నాం. డార్సీ జట్టూ, గిడ్డంగి జట్టూ జనవరి తొమ్మిది నుంచి ఆడతాయి. హార్లన్ కూడా తిరిగొస్తున్నాడు. తొమ్మిదిన్నరకి లైట్లార్పి గెంటేస్తుంటే ఒక కథ మధ్యలో ఉండిపోయిందట వాడికి. మొత్తం ఎనిమిది జట్లు, మే నెల దాకా. ఆ కాగితం ఈ కవరులోనే ఉంది. ఈసారి నేనూ ఉండిపోదామనే చెయ్యెత్తాను.

ఇక నా మాట. నిన్న నువ్వు కౌంటర్ వదిలి మా బల్ల దగ్గరికొచ్చావు. నీ చేతిలో చీటీ లేదు. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, దీపం కిందికి వంగి, మందుల దుకాణం వాళ్ళని పంపేశానని చేతులతో చెప్పావు. మూడు నెలలుగా సోమవారం మధ్యాహ్నాలు నువ్వు ఓపల్ దగ్గరికి వస్తున్నావని నాకు ఒక్కరూ చెప్పలేదు. "దుకాణం" అనబోయి "పెళ్ళి" అన్నావు. "పంపేశాను" అన్నది రెండుసార్లు తప్పు చెప్పి మూడోసారి సరిగ్గా చెప్పావు. మా బల్ల చుట్టూ ఉన్న ఏడుగురికీ మొదటిసారే అర్థమైంది, డలోరెస్. నీ మొహం చెప్పేసింది. అది అచ్చం మా వాళ్ళ మొహంలాగే మాట్లాడింది, కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయి.

ఇంక మన మధ్య కాగితమెందుకు? మళ్ళీ ఆట మొదలయ్యే శుక్రవారం ఓపల్ పక్కన నీకో కుర్చీ ఉంచుతాను. వచ్చి కూర్చుని, ఆ పెళ్ళివాళ్ళు ఏమన్నారో మొదటినుంచీ చెప్పు.

నీ
ఎమ్మెట్