ఆవకాయ జాడీ మీద 58,82,353

అక్కా,

ఇవాళ ఆవకాయకి ముక్కలు కొట్టాం. నువ్వు లేకుండా ఇది రెండో ఏడు. కత్తిపీట దగ్గర కూర్చుంటే నీ మాటే వినిపించింది. "కాయ ముక్కలయ్యాక మళ్ళీ కాయ అవుతుందా? ఈ సంఖ్య అవుతుందే," అన్నావు ముందటేడు ఇక్కడే కూర్చుని. 58,82,353ని 588, 2353గా కోసి, రెండిటి వర్గాలూ కలిపితే మళ్ళీ అదే సంఖ్య వచ్చింది. "ఒకటీ, తనూ కాక దీన్ని శేషం లేకుండా భాగించేది ఇంకేదైనా ఉందేమో చేత్తో తేల్చాలి," అన్నావు. ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళావు, తిరిగి రాలేదు.

ఆ లెక్క నేను పట్టుకున్నాను. దాని వర్గమూలం 2425 దాటి కొంచెం ఉంటుంది కాబట్టి, అందాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. ఆగిరిపల్లి తోట నుంచి కాయలు తెచ్చిన బాబాయ్ నా కాయితాలు చూసి నవ్వాడు.

"ఫోన్లో కొడితే క్షణంలో చెప్పేస్తుంది కదే."

"అక్క ఫోన్లో కొట్టమనలేదు బాబాయ్."

"ఇద్దరికిద్దరూ మొండిఘటాలే."

మధ్యాహ్నం ఆవపిండి చేతులు కడుక్కుని, చివరగా మిగిలిన 2423తో భాగించాను. శేషం 1732 వచ్చింది. నీ సంఖ్యని ఏదీ భాగించలేదు. అది ప్రధాన సంఖ్యే అక్కా.

ఏటా జాడీ మీద సుద్దముక్కతో నీకు నచ్చిన సంఖ్య రాసేదానివి. నిరుడు అమ్మ ఎవర్నీ రాయనివ్వలేదు. ఇవాళ తనే సుద్దముక్క తెచ్చి, "దాని నంబరు రాయవే," అంది. రాశాను.

వచ్చే ఏడు జాడీకి ఇలా కోసినా కలిసిపోయే సంఖ్య ఇంకోటి కావాలి. అది నేనే వెతుకుతాను, చేత్తోనే.

నీ చెల్లి