అమ్మ బుగ్గ మీది పుట్టుమచ్చ

ఒనొరీన్ అక్కకు, గాస్పార్ రాస్తున్నాను. పరంజా మీంచి నేను పడ్డానని నీకెవరో చెప్పారట. పడింది నా టోపీ, నేను కాదు.

కోట పెద్ద కిటికీ పైనున్న రాతి దేవదూత ముఖం వానలకు అరిగి ముద్దయిపోయింది. పాత ముఖం ఎలా ఉండేదో దొరసానికే గుర్తులేదు. అందుకని కొత్త రాయిలో నాకు తెలిసిన ముఖం చెక్కాను. పెద్ద మేస్త్రీ బార్తెలెమీ చూసి, "ఏవయ్యా, దేవదూత ఎవర్నో కేకలేయబోతున్నట్టుందే!" అన్నాడు.

"మా అమ్మండీ. బతికున్నన్నాళ్ళూ అలాగే చూసేది."

"అయితే ఉండనీ. వాన కూడా దగ్గరికి రావడానికి జంకుతుంది."

బావ దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? ఉన్ని మేజోళ్ళు పంపు. పిల్లలకు ముద్దులు.

కార్డులో చోటు అయిపోతోంది గాని, అసలు సంగతి ఇదీ. అమ్మకు పుట్టుమచ్చ ఏ బుగ్గ మీద ఉండేది? ఫోటో ఒక్కటీ లేదాయె. కుడి అనుకుంటాను, కళ్ళు మూసుకుంటే ఎడమ వైపు కనబడుతుంది. రెండు బుగ్గల మీదా గింజంత రాయి వదిలాను. శనివారం పరంజా విప్పేస్తారు. ఈలోగా నీ జవాబు వస్తే ఒకటి తీసేస్తాను. రాకపోతే రెండూ ఉండిపోతాయి. అమ్మకు ఉన్నదాన్ని నా ఉలితో తీసేయలేను.