గళ్ళచొక్కా చెప్పిన మాట

జూన్ 4

ప్రియమైన గువ్వకి,

నువ్వు పంపిన కాయితాల కట్ట అందింది. నా కళ్ళ సంగతి గుర్తుపెట్టుకుని పెద్దక్షరాల్లో తీయించి పంపావు, సంతోషం. రోజుకి నాలుగు పేజీలు, వేలు పెట్టుకుని చదువుతున్నాను. నాదేం చదువు, మూడో తరగతితో సరి. చిన్నప్పుడు నీ డైలాగు కాయితాలు నీకు వినిపించీ వినిపించీ నాకు అక్షరాలు నిలబడ్డాయి. ఇప్పుడు నువ్వు రాసినవే చదువుతున్నాను.

ఆ ఊళ్ళో ఒక్కదానివీ గది తీసుకుని రాయడం ఏమిటే? గ్యాసు కట్టేస్తున్నావా? మెట్లకి పట్టుకునే కమ్మీ లేదన్నావు, ఇంటాయనతో చెప్పావా? నువ్వు పాత్రల మాటలు పైకి అనుకుంటూ గదిలో తిరుగుతుంటే, ఎవరితోనో పోట్లాడుతున్నావనుకుని కింది వాటా ఆవిడ తలుపు కొట్టిందట. రేపు పోలీసులకి చెబితేనో? కాస్త మెల్లిగా పోట్లాడుకో.

మొదటి నవలకి అట్టమీద నీ మేకప్పు ఫొటో వేశారని ఏడ్చావు. ముప్ఫై ఏళ్ళు నటించినదానికి రాయడమెలా వస్తుంది, ఎవరో రాసిపెట్టి ఉంటారని జనం అంటే ఏడ్చావు. ఈసారి ఫొటో వెయ్యబోమని చెప్పారు కదా, ఆ మాట కాయితం మీద రాయించుకున్నావా?

నిన్న తొమ్మిదో అధ్యాయం చదివాను. ఒకటి అడుగుతాను, కోప్పడకు. అందులో సినిమాలో వేసే చిన్నపిల్ల ఏడవాలి. గ్లిజరిన్ వేస్తే కళ్ళు వాచిపోతున్నాయి. అప్పుడు అసిస్టెంటు డైరెక్టరు వచ్చి, "పాపా, మీ నాన్న బస్సు బోల్తా పడింది, మీ నాన్న ఇక రాడు" అని అబద్ధం చెబుతాడు. పిల్ల నిజంగానే ఏడుస్తుంది, షాటు బాగా వస్తుంది. అది నీ సంగతేనని ఎవరికైనా తెలిసిపోతుంది. నీ మొదటి సినిమాలో ఆ ఏడుపు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ అసిస్టెంటు డైరెక్టరు గళ్ళచొక్కా, కుడికాలు ఈడ్చడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశావు. ఆ అధ్యాయం తీసేస్తే నవలకి ఏమైనా లోటా? పెద్దవాడైపోయాడు పాపం.

గొంతుకి చలిగాలి తగలనివ్వకు.

ఎప్పుడూ నీ బెంగే పెట్టుకునే
అమ్మ

జూన్ 11

ప్రియమైన అమ్మకి,

గ్యాసు కట్టేస్తున్నాను. కమ్మీ వచ్చే వారం పెట్టిస్తారు. పోలీసులు రాలేదు. కింది వాటా ఆవిడ మాత్రం ఆ పోట్లాటలో ఎవరు గెలిచారో కనుక్కోవడానికి రోజూ పైకొస్తోంది.

తొమ్మిదో అధ్యాయం తియ్యను. మిగతా నవలంతా దానికోసమే రాశాను. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ తర్వాత ఏ కెమెరా ముందు ఏడ్చినా, పోయిన నాన్నని తలుచుకునే ఏడ్చాను. నాన్న ఇంట్లో నిక్షేపంలా కూర్చుని ఉండగా రోజూ ఆయన్ని చంపుకునేదాన్ని. సహజ నటన అని మెచ్చుకున్నారు. చివరికి నాన్న నిజంగా పోయినరోజు నాకు చుక్క కన్నీరు రాలేదు. "సినిమాల్లో అంత ఏడుస్తుంది, కన్నతండ్రికి మాత్రం రాలేదు చూడండి" అని మన వాళ్ళే అన్నారు. ఆ మర్నాటినుంచే నటన మానేశాను. నీకు వేరే కారణాలు చెప్పాను.

పేరొచ్చాక, ఆ గళ్ళచొక్కా ఆయన ఉంటే నేను సెట్టులోకి రానన్నాను. రెండు సినిమాల్లోంచి తీసేశారు. తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదట. అందుకు నాకేం బాధ లేదు. నువ్వెందుకమ్మా ఆయన్ని వెనకేసుకొస్తున్నావు? ఆరోజు పరిగెత్తుకొచ్చి నన్ను గుండెలకి హత్తుకుంది నువ్వే కదా?

వచ్చే నెల పదిహేనున పుస్తకం ప్రెస్సుకి వెళ్తుంది.

నీ
గువ్వ

జూన్ 19

ప్రియమైన గువ్వకి,

కంటి ఆసుపత్రికి వెళ్ళాను. భయపడాల్సిందేమీ లేదన్నారు. వాళ్ళు అలాగే అంటారు. అక్కడ కాయితాలు జిరాక్సు తీయించుకు రమ్మంటే ఎదురు కొట్టుకి వెళ్ళాను. మిషను దగ్గర ఎవరున్నారనుకున్నావు? ఆ గళ్ళచొక్కా ఆయనే. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు.

"అమ్మాయి రెండో నవల రాస్తోందటగా?" అన్నాడు. మొదటిది రెండుసార్లు చదివాడట. "మాటలు బాగా రాస్తుందమ్మా. రాయదా మరి, అన్నేళ్ళు పలికింది!" అని నవ్వాడు. కాయితాలు అక్కడే వదిలేసి వచ్చేశాను. పాపం ఆ కాలు ఈడ్చుకుంటూ రోడ్డు దాటి తెచ్చిచ్చాడు.

గువ్వా, పుస్తకం ఒక్క నెల ఆపు. నీకు చెప్పాల్సింది ఒకటుంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒక్కసారి వచ్చి వెళ్ళు.

నిద్రపట్టని
అమ్మ

జూన్ 25

ప్రియమైన అమ్మకి,

ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను, రాలేను. చెప్పేదేదో రాయి. ఆయన బతిమాలుకోవాలంటే నాకే రాయమను. మధ్యలో నిన్నెందుకు పెట్టడం?

గువ్వ

జూలై 1

ప్రియమైన గువ్వకి,

ఇది మూడో ఉత్తరం. ముందు రాసిన రెండూ చింపేశాను.

ఆ మాట ఆయనతో చెప్పించింది నేను.

ఆరోజు ఎండ దిగిపోతోంది. మర్నాడు సెట్టు విప్పేస్తారు. "ఈ పిల్ల ఏడవదు. వీళ్ళని పంపించేసి ఇంకో పిల్లని చూడండి" అన్నాడు డైరెక్టరు. గళ్ళచొక్కా ఆయన దగ్గరికి వెళ్ళి, "వాళ్ళ నాన్న బస్సు బోల్తా పడిందని చెప్పండి, ఏడుస్తుంది" అన్నాను.

"పసిదానితో అనే మాటేనా అది? మీ నోటితో మీరు అనగలరా?" అన్నాడు.

"నేనంటే దానికి తెలిసిపోతుంది. మీరైతే నమ్ముతుంది" అన్నాను.

ఛీ పొమ్మన్నాడు. రెండు చేతులూ పట్టుకున్నాను. చివరికి వచ్చి చెప్పాడు. చెప్పి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నువ్వు నాన్నా నాన్నా అని ఏడుస్తున్నావు. నేను కెమెరా వెనకాలే ఉన్నాను. కట్ అనేదాకా కదల్లేదు. బాగా వచ్చిందన్నాక పరిగెత్తుకొచ్చి నిన్ను ఎత్తుకున్నాను. నీకు అదొక్కటే గుర్తుంది.

సాయంత్రం మీ నాన్న ఇంటికొస్తే ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు నువ్వు. దీనికేమైందే అంటే, లైట్లు చూసి జడుసుకుందన్నాను. పోయేదాకా ఆయనకి తెలియదు.

గళ్ళచొక్కా ఆయన్ని సినిమాల్లోంచి తీయించావని విన్నప్పుడైనా నోరు విప్పాల్సింది. చెబితే నన్నెక్కడ వదిలేస్తావోనని ఊరుకున్నాను. ఆయన మాత్రం ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

ఎందుకు చేశావని అడుగుతావు. ఇల్లు గడవక చెయ్యలేదు. ఇంట్లో దేనికీ లోటు లేదు. నువ్వు సినిమాల్లో వెయ్యడం మీ నాన్నకి ఇష్టమే లేదు. నాకే ఆశ. నిన్ను తెరమీద చూసి వీధిలో అందరూ నన్ను పలకరించాలని.

తిట్టినా సరే, జవాబు మాత్రం రాయి.

నీ
అమ్మ

జూలై 14

గువ్వా,

రేపే పదిహేను. నువ్వు బాగున్నావో లేదో, ఆ ఒక్క ముక్క రాయి చాలు.

అమ్మ

జూలై 22

అమ్మకి,

బాగానే ఉన్నాను. పుస్తకం ఆపించాను. పబ్లిషరు జుట్టు పీక్కుంటున్నాడు.

పోయిన వారం మీ ఊరొచ్చాను. ఇంటికి రాలేదు, రాబుద్ధి కాలేదు. జిరాక్సు కొట్టుకి వెళ్ళాను. "అసలు సంగతి ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను. "ఎవరు చెప్పమంటే ఏంటమ్మా, అన్న నోరు నాదే కదా" అన్నాడు. ఆ రెండు సినిమాలకీ క్షమించమన్నాను. "రెండు కాదు, నాలుగు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తొమ్మిదో అధ్యాయం మళ్ళీ రాశాను. ఇప్పుడు ఆ మాట తల్లే చెప్పిస్తుంది. నీ మీద కోపం ఉంది, ఎప్పటికి పోతుందో తెలియదు. అయినా రాస్తుంటే, చదివినవాళ్ళంతా ఆ తల్లిని ఛీ కొడతారనిపించింది. అందుకని ఆ ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదని ఒక వాక్యం కలిపాను. ఆ ఒక్క వాక్యంతో జనం ఆమెని క్షమిస్తారు. ఎలా ఏడిపించాలో నాకు తెలుసు కదా.

పేజీలు పంపుతున్నాను. నువ్వు వద్దంటే అధ్యాయం మొత్తం తీసేస్తాను. నెలాఖరులోగా చెప్పు.

గువ్వ

జూలై 27

ప్రియమైన గువ్వకి,

మూడుసార్లు చదివాను. అధ్యాయం ఉంచు.

పొయ్యి వెలగలేదన్న ముక్క మాత్రం వద్దు. మీ నాన్న మనల్ని ఒక్కపూట పస్తుంచలేదు. జ్వరంతో కూడా బస్సు తోలాడు. ఆయన్ని ఒకసారి ఉత్తినే చంపించాను, అది చాలు. ఇప్పుడు నన్ను కాపాడటానికి నువ్వు ఆయన్ని పెళ్ళాంబిడ్డలకి తిండి పెట్టలేనివాణ్ణి చెయ్యకు. ఆ తల్లికి ఆశ అని రాయి. ఛీ కొడితే కొట్టనీ.

భయం లేక కాదు. పక్కింటావిడ నీ పుస్తకం ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. చదివి, గోడమీంచి తొంగిచూసి ఏమడుగుతుందో, నేనేం చెప్పాలో అని ఇప్పట్నుంచే ఆలోచిస్తున్నాను. అయినా అలాగే వెయ్యి.

ఆ వాక్యం నేనే పెన్నుతో కొట్టేశాను. చూపు సరిగా ఆనక గీత వంకర పోయింది, కింది వరుసకి కూడా తగిలింది. తల్లి కెమెరా వెనకాల నిలబడి కదల్లేదన్న వరుస అది. దాన్ని నేను కొట్టెయ్యలేదు. ఉంచు.

అమ్మ