చెరువు గట్టున అన్నం

నూకాలూ,

మెర్డెకా, అదే మన మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు, దాని తరువాతి రెండో ఆదివారం. పొద్దున్న వాన, పదింటికి ఎండ. సైకిలు చెయిన్‌కు నూనె వేశాను.

నువ్వు పోయాక కూడా గోడ మీది స్విట్జర్లాండు క్యాలెండరు తీయలేదు. సరస్సు ఒడ్డున ఎర్ర పెంకుల చిన్న ఊరు, చర్చి గోపురం, మూడు పడవలు, వెనక మంచుకొండ, గడ్డి మీద భోంచేస్తున్న కుటుంబం. "ఈ ఊరికి ముళ్లకంచె లేదేటి? బువ్వ బయటికి తెచ్చుకున్నారే!" అనేదానివి. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు గెరిల్లాలకు చేరుతుందని మన ఊరి ముళ్లకంచె గేటు దాటి పిడికెడు అన్నం కూడా పోనిచ్చేవారు కాదు. పాత తగరం గనిలో నీళ్లు నిండిన మన చెరువు గట్టున ఒక్కసారి తినాలన్న నీ కోరిక అలాగే ఉండిపోయింది.

నిన్నటితో ఆ కట్టడి తీసేశారు. ఇవాళ గేటు దగ్గర అలవాటుగా తనిఖీకి అన్నం క్యారియర్ మూత తీశాను. కాపలా సింహాద్రి పకపకా నవ్వాడు.

"ఇంకేటి సూపిస్తావు మావా? మూసీ, ఈగలు వాల్తాయి. పో లా!" అని ఇక్కడి మలాయివాళ్లలా సాగదీశాడు.

తలెత్తుకుని సైకిలు తోసుకుంటూ నడిచాను. గట్టున రెండు ఆకులు పరిచి అన్నం, చేపల పులుసు వడ్డించాను. అవతలి ఒడ్డున గనివాళ్లు తవ్విపోసిన తెల్ల ఇసుక దిబ్బ ఎండలో అచ్చం నీ బొమ్మలోని మంచుకొండలా మెరిసింది. మన ఊరూ ఆ ఊరే, నూకాలూ.

ఇంటికొచ్చాను. క్యారియర్ ఇంకా తోమలేదు. ముందు నీకీ సంగతి రాయాలని కూర్చున్నాను.