మల్లిగాడికి ఆపరేషన్

చెల్లె అండాలుకు, నేను బాగానే ఉన్నాను. ఫోన్లో నీకు వినపడదు కనుక కార్డు రాస్తున్నాను.

నువ్వు ఇచ్చిన కుక్క మల్లిగాడు ఆడకుక్క వెంటపడి ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు కింద పడబోయాడు. ప్రాణం పోలేదు గాని కాలు చితికింది. "తాతా, వట్టలు తీపియ్యి. లేకుంటే మళ్ల ఉరుకుతడు, ఈసారి దక్కడు" అంది డాక్టరమ్మ. "ఊళ్లె కోడెలన్నిటికి వట్టలు కొట్టింది నేనే, నాకే చెప్తవా" అన్నాను. అన్నాను గాని, నాకు అన్నం దిగడం లేదు.

కూనప్పుడు వాణ్ణి మల్లన్నకు మొక్కి విడిచావా, ఉత్త పేరే పెట్టావా? దేవుడి కుక్కను కోయించకూడదు కదా. వెంటనే రాయి. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను మాత్రం సోమవారం వాణ్ణి దవాఖానకు తీసుకుపోతాను. మొక్కే అయితే గుడికి పోయి, తప్పు మా అన్నదే, కుక్కను ఏమనకు అని చెప్పు. పిల్లలకు దీవెనలు.

నీ అన్న భిక్షమయ్య, చంపాపేట్