ఆ స్విచ్ కట్టెయ్యకండి

ఏవండీ,

ఇంటికి రాగానే కంప్యూటర్ల స్విచ్ మాత్రం కట్టెయ్యకండి. పాతదాంట్లో ఉన్నదంతా, విండోస్‌తో సహా, ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ అవుతోంది. నిన్న సగందాకా వచ్చాక మీరు కట్టేశారు కాబట్టి ఇవాళ మళ్ళీ మొదటినుంచి పెట్టాను. తెరమీద గీత పూర్తిగా నిండాకే మధ్యలో ఉన్న కేబుల్ తీయండి. పాతదాంట్లోవి అప్పుడే చెరిపెయ్యొద్దు. నేనొచ్చి అన్నీ తెరిచి చూసుకుంటాను.

"గదిలో మనిషే లేనప్పుడు స్విచ్చెందుకు, కరెంటు దండగ" అని నిన్న నామీద ఎగిరారు. నేనా గదిలోనే ఉన్నానండీ, మంచంమీద మీ చొక్కాలు మడతపెడుతూ.

నా పేరున్న ఫోల్డరు వదిలేద్దామని మీరూ అమ్మాయీ అనుకోవడం విన్నాను. "అమ్మకేముంటాయి నాన్నా, వంటలేగా" అంది అది. వంటలు కావు. మీరంతా వెళ్ళిపోయాక, మధ్యాహ్నాలు కూర్చుని అచ్చాఫీసు వాళ్ళకి తప్పులు దిద్దిపెట్టిన పుస్తకాలవి. ఇంట్లో ఒక్కరూ తెరిచి చూడలేదు. అందుకే ఏదీ ఏరకుండా మొత్తం ఎక్కిస్తున్నాను.

ఇప్పుడు ఆ అచ్చాఫీసుకే వెళ్తున్నాను. వంట చేసి మూతపెట్టాను. నేనొచ్చేదాకా ఆగండి, కలిసి తిందాం.

మరో మాట. సోమవారంనుంచి రోజూ అక్కడికి పనికి వెళ్తానని నిన్న రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. మీరు ఉప్పు ఇటు జరపమన్నారు. జరిపాను. ఈ రాత్రి మళ్ళీ చెప్తాను.