అమ్మ కట్టిన వస కొమ్ము

అన్నా, ఈ కాగితానికి చిరునామా అవసరం లేదు. దుబాయ్‌లో ఫిట్స్ వచ్చి పడిపోయిన నువ్వు తిరిగి లేవని రోజు ఇదే.

నువ్వు బయలుదేరేటప్పుడు నీ సంచిలోంచి ఫిట్స్ మందు గోలీలు తీసేసింది అమ్మే. విమానాశ్రయం చెకింగ్‌లో చూస్తే రోగమని వెనక్కి పంపిస్తారని భయం. బదులుగా నీ మొలతాడుకు వస కొమ్ము కట్టి, రోజూ అరగదీసి నాకమంది. నిన్ను తానే చంపుకున్నానని ఇన్నేళ్లూ కుమిలింది.

ఇప్పుడు నేను పనిచేసే మందుల ల్యాబులో అదే వసను పరీక్షిస్తున్నాం. ఆ వాసనకు నువ్వు ముక్కు మూసుకునేవాడివి, నేను జీతం తీసుకుంటున్నాను. ఫిట్స్ అంటే మెదడు కణాలు ఒక్కసారిగా రెచ్చిపోవడం. వసలోంచి తీసిన పదార్థం వేస్తే, ఆ కణాల మీద వాటిని శాంతింపజేసే సన్నని ద్వారాలు మరింత తెరుచుకుంటాయి. కణాల విద్యుత్తును చూపే తెర మీద ఎగిరిపడే గీతలు సద్దుమణగడం నా కళ్లతో చూశాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"అయితే నేనిచ్చింది ఉత్తదేం కాదా బిడ్డా?"

"కాదమ్మా. కానీ కొమ్ముల మందు ఎంతుంటదో ఎవలకు ఎర్కలేదు. గోలీలకైతే కొలత ఉంటది. అవి తీసేసుడే తప్పైంది."



ఈరోజు పక్కింటి లచ్చన్న దుబాయ్ వెళ్లాడు. అతనికీ ఫిట్స్ ఉన్నాయి. కోరుట్ల బస్టాండులో అమ్మ అతని సంచి విప్పి, డాక్టర్ చీటీతో సహా గోలీలను అన్నిటికంటే పైన పెట్టింది.

"దాచకు కొడుకా. అడిగితే చూపియ్యి."

అతని భార్య తెచ్చిన వస కొమ్మును మాత్రం తీసుకుని తన కొంగుకు ముడేసుకుంది.